నా సైకిలుకు ముందు ఫోర్కు కుదిరిన వైనం

ఈ సంగతిని రాతలో పెట్టవలసిన అగత్యం ఏర్పడింది. ఉదయం పూట చిక్కడపల్లి నుండి లోయర్ ట్యాంక్ బండ్ వైపు నేను సైకిలుపై వెళ్తుంటే, పాల దుకాణం దగ్గరో ఇడ్లీ బండి దగ్గరో ఎవరో ఒకరు ఆపి, ఈ వయసులో ఈ వింత వాహనం ఏమిటని అడుగుతారు. సమాధానానికి తగిన మొదటి వాక్యాన్ని నేను కూర్చుకొనేలోపే, పక్కన స్కూటరుపై వచ్చే నా బావమరిది తన కథ అందుకుంటాడు. ఆ కథ వారం వారం పెరుగుతోంది. ప్రస్తుతానికి అందులో నేను ఒక పెళ్ళి ఊరేగింపు గుర్రాన్ని ఢీకొని, తప్పు గుర్రానిదేనని దాని యజమానితో వాదించి గెలిచాను. అటువంటిది ఏదీ జరగలేదు. జరిగినదాన్ని జరిగిన క్రమంలో నేను చెప్పకపోతే ఆ గుర్రమే నిలిచిపోతుంది.

రెండో కారణం ఇంతకంటే గట్టిది. నా ఈడువారు చాలామంది చేతులు అదురుకు తట్టుకోవడం లేదంటూ సైకిలును మెట్ల కింద నిలిపి పాత దుప్పటి కప్పేశారు. లోపం వారి చేతుల్లో కాక సైకిలు ముందు భాగంలో ఉండవచ్చు. ఆ మాట వారికి ఎవరైనా చెప్పాలి.

నేను పాలిటెక్నిక్‌లో ఇంజనీరింగ్ డ్రాయింగు బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఉద్యోగానికి వెళ్ళినన్నాళ్ళూ సైకిలుపైనే వెళ్ళాను. విరమణ తరువాత కూడా నా దినచర్య అంతా ఉదయపు సైకిలు ప్రయాణం నుండే మొదలయ్యేది. అది సక్రమంగా జరిగితే స్నానం, పత్రిక, భోజనం అన్నీ వాటి వేళల్లో అవి వచ్చి నిలబడేవి. అలాంటిది, కొంతకాలం క్రితం స్నానాలగదిలో జారిపడి ఎడమ మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది. కాని ఆ తరువాత సైకిలెక్కి వచ్చిన ప్రతి ఉదయం ఆ చేతి వేళ్ళు మొద్దుబారేవి. బషీర్‌బాగ్‌లో చూపించుకున్న ఎముకల డాక్టరు చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, "తొక్కడం వల్ల నష్టం లేదు. అదురు వల్లే నష్టం. అదరని సైకిలు దొరికితే తొక్కండి, లేకపోతే మానెయ్యండి" అన్నారు.

నా శ్రీమతి బయటికి వచ్చేదాకా ఆగి, మెట్ల మీద తన తీర్పు చెప్పింది. ఆమె వృక్షశాస్త్రం బోధించిన మనిషి. మాట తక్కువ, మాటకు సవరణ అసలే ఉండదు.

"ఇంకొక్క సైకిల్ చూసుకోండి. దాంతోని గూడ చెయ్యి మొద్దుబారితే ఇంక నడకనే. మళ్ల నన్ను అడగొద్దు."

అందుచేత నాకు మిగిలింది ఒకే ఒక్క సైకిలు. దాన్ని కొనడం కంటే కట్టించుకోవడమే మేలని నిశ్చయించుకున్నాను. మా అపార్ట్‌మెంటు ఖాళీ చేస్తూ ఒకరు వదిలిపెట్టిన పాత ఉక్కు ఫ్రేము సెల్లారులో పడి ఉండేది. దాన్ని క్రూయిజర్ రకం అంటారు: గొట్టాలు విల్లులా వంగి ఉంటాయి, సీటు వెడల్పు, హ్యాండిలు మన వైపు వంగి వస్తుంది, మనిషి కుర్చీలో కూర్చున్నట్లు నిటారుగా కూర్చొని తొక్కవచ్చు. దానికి లావుపాటి టైర్లు ఎక్కిస్తే తారు లేని చోట, కంకర పోసిన చోట, పైపుల కోసం తవ్వి పూడ్చని చోట కూడా నడుస్తుంది. మా ప్రాంతంలో ఈ మూడు రకాల నేలా ఒకే వీధిలో లభిస్తాయి. సెల్లారు నుండి ఆ ఫ్రేమును పైకి మోసుకొచ్చి తడిగుడ్డతో తుడిచిన రోజున నా లోపల పుట్టిన ఉత్సాహాన్ని వర్ణించడానికి నా వద్ద తగిన పరిభాష లేదు. మధ్యాహ్నం కునుకు కూడా మానేశాను. అది మా ఇంట్లో వార్త.

ఫ్రేము మంచిదే కాని దాని ముందు ఫోర్కు వెనక్కి వంగిపోయి ఉంది. తెలియనివారి కోసం చెబుతున్నాను: ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకొని నిలిపే రెండు కాళ్ళ భాగమే ఫోర్కు. ఆ కాళ్ళ పైన ఒక గొట్టం ఉంటుంది. దాన్ని నేను కాడ అంటాను. ఆ కాడ ఫ్రేము మెడలో దూరి పైకి వస్తే దానికి హ్యాండిలు బిగిస్తారు. నేల మీది ప్రతి దెబ్బా చక్రం నుండి ఫోర్కుకు, ఫోర్కు నుండి హ్యాండిలుకు, హ్యాండిలు నుండి మణికట్టుకు చేరుతుంది. కనుక నేను ఇక సైకిలు తొక్కగలనా లేదా అన్నది పూర్తిగా ఈ ఒక్క భాగం మీద ఆధారపడింది.

నా పద్ధతి నాకుంది. మేడ మీద నేలంతా కడిగించి, ఆరిన తరువాత సుద్దముక్కతో ఫ్రేమును నిలువు బొమ్మగా నిజమైన కొలతతో గీశాను. వంగిన పాత ఫోర్కును పక్కన పెట్టి, వంపు తీస్తే ఎంత పొడవుంటుందో లెక్కగట్టి దాన్నీ గీశాను. ఆ పొడవుతో ముందు భాగం ఎంత ఎత్తులో నిలవాలని తయారు చేసినవాడు తలచాడో ఆ గీత అక్కడ స్పష్టంగా కనబడింది. అంతకంటే పొడవైన ఫోర్కు పెడితే సైకిలు ముందు భాగం లేస్తుంది, మెడ వెనక్కి వాలుతుంది, నెమ్మదిగా వెళ్ళేటప్పుడు ముందు చక్రం తనంతట తాను పక్కకు పడబోతుంది. సుద్దగీతల మధ్య మోకాళ్ళ మీద కూర్చొని ఆ కోణాలు చూసుకుంటుంటే బట్టలు ఆరేయడానికి వచ్చిన నా శ్రీమతి గీతలు తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళింది. ఆమె ఆమోదం ఉందని దానితో గ్రహించాను.

నారాయణగూడలో ఒక సందులో సైకిలు విడిభాగాల దుకాణం ఉంది. దుకాణదారు పొట్టిగా, గట్టిగా, తన సరుకు గురించి తానే ఆశ్చర్యపోతూ మాట్లాడే మనిషి. ఫోర్కును ఆయన చిమటా అంటాడు. నా బావమరిది నాతో వచ్చాడు. అతడు బట్టల వ్యాపారం కొడుకుకు అప్పగించి, మిగిలిన జీవితాన్ని నన్ను ఆటపట్టించడానికి కేటాయించాడు.

"సార్, మీరు అడగాలే గాని నా దగ్గర లేని చిమటా హైదరాబాద్‌ల లేదు," అన్నాడు దుకాణదారు. రెండు ఫోర్కులు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

మొదటిది కదలికలేని ఉక్కు ఫోర్కు. కాళ్ళు సన్నగా, చివర ముందుకు వంగి ఉన్నాయి. రెండోది కొండదారుల సైకిళ్ళకు వాడే షాకప్ రకం. కాళ్ళలో స్ప్రింగులు ఉండి దెబ్బ తగిలినప్పుడు లోపలికి దిగి మళ్ళీ పైకి వస్తుంది. కొలిచాను. ఉక్కుది నా సుద్దగీతకు సరిగ్గా సరిపోయింది. షాకప్ రకం నాలుగు వేళ్ళ ఎత్తు ఎక్కువ. లావు టైరు రెండింటిలోనూ పడుతుంది, బ్రేకు బిగించే చెవులు రెండింటికీ ఉన్నాయి.

"బావా, గీ షాకప్‌ది తీస్కో. మోటర్ సైకిల్ లెక్క ఉంటది. కాలనీల ఇజ్జత్," అన్నాడు బావమరిది.

"పరువుకు కొలత లేదు," అన్నాను.

"గదే నీ పరేషాన్. కొలత లేంది నీకు కనవడదు."

రెండింటినీ బిగించి తొక్కి చూశాకే కొంటానని చెప్పాను. దుకాణదారు ఒక్క షరతు పెట్టాడు. కొత్త ఫోర్కుల కాడ పొడవుగా వస్తుంది. మన ఫ్రేముకు తగ్గట్టు దాన్ని కోయాలి.

"కొయ్యకుండ రింగులు పేర్చి బిగిస్త, తొక్కి చూస్కోండ్రి. నచ్చకుంటే వాపస్. కాడ కోసినంక మాత్రం అది మీదే సార్. అప్పుడు మళ్ల నా మొఖం చూడొద్దు."

ఆ క్రమం నాకు నచ్చింది. మరునాడే ఉక్కు ఫోర్కుతో మొదటి పరీక్ష ఏర్పాటు చేశాను. అదురును కంటికి కనిపించేలా ఎలా కొలవాలన్నది ప్రశ్న. హ్యాండిలు ముందు బుట్ట కట్టి, అందులో గుడ్డ చుట్టి నిలబెట్టిన స్టీలు చెంబులో అంచుదాకా నీళ్ళు పోశాను. మా ఇంటి నుండి అశోక్ నగర్ మీదుగా లోయర్ ట్యాంక్ బండ్ వరకు వెళ్ళి తిరిగి రావాలి; చెంబులో ఎన్ని నీళ్ళు తగ్గితే అంత అదురు. రెండో రోజు షాకప్ ఫోర్కుతో అదే దారి, అదే చెంబు. బావమరిది స్కూటరుపై వెనక వచ్చి సాక్షిగా ఉండాలి.

మొదటి రోజు తిరిగి వచ్చేసరికి చెంబు అంచుదాకా నిండుగానే ఉంది. నా కళ్ళను నేను నమ్మలేకపోయాను. రెండో రోజు షాకప్ ఫోర్కుతో కూడా చెంబు నిండుగానే వచ్చింది. రెండూ సమానమైనప్పుడు, కొలతకు సరిపోయిన ఉక్కు ఫోర్కే నెగ్గినట్లు. వాకిట్లో నిలబడి శ్రీమతికి ఈ ఫలితాన్ని ప్రకటించాను. ఆనందంతో నా గొంతు కొంచెం పెద్దదే అయి ఉంటుంది, పక్క ఫ్లాటు తలుపు తెరుచుకుంది.

బావమరిది స్కూటరుకు స్టాండు వేసి, దాని మీదే కూలబడ్డాడు.

"అక్కా, జర మంచినీళ్లు ఇయ్యి. ఆ చెంబుల ఎట్లనో ఉన్నయ్ గాని, అవి ముట్టుకుంటె బావ కొడ్తడు."

"ఏమైందిరా?" అని అడిగింది మా ఆవిడ.

"ఏం గాలే. అదే నా బాధ, ఏం గాలే! బావ సైకిల్ తొక్కలే అక్కా, చెంబును ఊరేగించిండు. గుంత కనవడితే చాలు, దిగి నడిపించిండు. స్పీడ్ బ్రేకర్ కాడ ఎనక ఆటో ఆయన హారన్ కొట్టి కొట్టి, ఆఖరికి ఇంజన్ బంద్ చేసి బీడీ ముట్టిచ్చిండు."

"నీళ్ళు ఒలకకూడదు కదా!" అన్నాను.

"ఒలకాలె గద బావా! ఒలికితెనే గద తెలుస్తది!"

మా శ్రీమతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను చెంబు వైపు చూశాను. వీధి నల్లా దగ్గర వరుసలో నిలబడి, బిందె పట్టుకొని, ఒక్క చుక్క ఒలికినా ఇంట్లో తిట్లు తిన్న తరం మాది. నీళ్ళు నిండిన పాత్ర ఏదైనా చేతికో బండికో ఎక్కిందంటే మా ఒళ్ళు దానంతట అదే నెమ్మదిస్తుంది. నేను అదురును కొలవలేదు. రెండు రోజులపాటు నల్లా నీళ్ళు మోశాను. పరీక్షలో ఇంత పెద్ద లోపం విద్యార్థి చేసి ఉంటే మొత్తం షీటు మళ్ళీ గీయించేవాణ్ణి.

"చెంబు వద్దు," అంది ఆమె. "మీరు రోజూ తొక్కినట్టు తొక్కి రండి. వచ్చినంక చొక్కా మెడకింది గుండీ తీసి, మళ్ల పెట్టుకోండి. నేను చూస్త."

"గుండీ దేనికి?"

"సైకిల్ మీద పోయొచ్చిన రోజుల్ల మీ మెడ గుండీ తెరిచే ఉంటది. మిగిలిన రోజుల్ల ఎన్నడన్న ఉన్నదా? వేళ్లు పని చెయ్యక వదిలేస్తరు. నేను చూసి చూడనట్టు ఉంట."

ఆ పరీక్ష నా పరీక్ష కంటే సూక్ష్మమైనది, దానికి సామగ్రి కూడా అక్కర్లేదు. అయితే ఒక చిక్కు వచ్చింది: పరీక్ష జరుగుతోందని తెలిస్తే నేను మళ్ళీ జాగ్రత్తపడతాను. రోజూ తొక్కినట్టు తొక్కాలంటే పరీక్ష సంగతి మరచిపోవాలి.

"గది నాకిడ్సిపెట్టు," అన్నాడు బావమరిది. అతని ముఖంలో ఆ వెలుగు నేను అదివరకు అతని పెళ్ళిలో మాత్రమే చూశాను.

మళ్ళీ ఉక్కు ఫోర్కు బిగించి బయలుదేరాము. అతడు స్కూటరును నా పక్కకు తెచ్చాడు.

"బావా, ఒకటి అడుగుత. కోపం చెయ్యొద్దు."

"అడుగు."

"ఇప్పుడంత కంప్యూటరే గీస్తున్నది గద. మరి నువ్వు గన్నేండ్లు పిల్లలతోని గీతలు గీయిస్తివి. ఆ టీ-స్క్వేర్ బద్ద ఇప్పుడు దేనికి పనికొస్తది? అక్క దోసెలు తిప్పనీకనా?"

ఆ తరువాత దారి నాకు గుర్తు లేదు. కంటికి కనిపించే వస్తువును చేతితో గీయడం రానివాడికి యంత్రం గీసిన బొమ్మలో తప్పు ఎలా తెలుస్తుందో వివరించడం మొదలుపెట్టాను. అతడు "ఆహా" అన్నప్పుడల్లా నా వేగం పెరిగింది. పైపుల కోసం తవ్విన చోట పనిచేస్తున్న పాలమూరు కూలీలలో ఒకామె, "పెద్దాయనా, ఆ దిక్కు పోకు, గుంత తీసినం!" అని కేకేస్తుండగానే గుంత అంచున ఉన్న కంకర మీదుగా దాటిపోయాను. ఇల్లు చేరి, వాకిట్లో నిలబడి గుండీ తీశాను. మళ్ళీ పెట్టబోతే ఎడమచేతి వేళ్ళకు గుండీ రంధ్రం తెలియలేదు. కంటికి కనబడుతోంది, వేళ్ళకు మాత్రం అక్కడ ఏదీ లేదు. మా శ్రీమతి కాసేపు చూసి, తానే వచ్చి పెట్టింది. ఉక్కు ఫోర్కు ఆ విధంగా ఓడిపోయింది.

షాకప్ ఫోర్కు రోజున బావమరిది ఎత్తుకున్న విషయం నల్లా వరుస. మా పెళ్ళయిన కొత్తలో నీళ్ళకు అక్కే నిలబడేది గాని, నేను వరుసకు దూరంగా నిలబడి వరుస ఎలా ఉండాలో చెప్పేవాణ్ణని అతని ఆరోపణ. ఇది పూర్తిగా అబద్ధం. ఖండించడానికి చాలా శ్వాస ఖర్చయింది. ఈసారి గుంతల మీద నా చేతులకు ఏమీ తెలియనే లేదు. ఉక్కు ఫోర్కుతో పళ్ళు కొట్టుకున్న చోట ఈ బండి చాప మీద నడిచినట్లు సాగిపోయింది. నా మాటల మధ్యలో నాకే నవ్వు వచ్చింది.

కాని అశోక్ నగర్‌లో టీకొట్ల దగ్గర సంగతి వేరు. అక్కడ ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలు చేతిలో గ్లాసు, చంకలో పుస్తకంతో రోడ్డు సగం వరకు నిలబడి ఉంటారు. వారి మధ్య నుండి నెమ్మదిగా మళ్ళబోతే ముందు చక్రం ఒక్కసారిగా పక్కకు వాలింది. కాలు నేల మీద పెట్టి ఆపుకున్నాను. ఒక అబ్బాయి టీ గ్లాసును తలపైకి ఎత్తి కాపాడుకొని, మర్యాదగానే అడిగాడు:

"అంకుల్, హ్యాండిల్ మీరు తిప్పుతున్నరా, అదే తిరుగుతున్నదా?"

"అదే," అన్నాను. మేడ మీది సుద్దగీత ముందే చెప్పిన మాట అది.

ఇంటి దగ్గర గుండీ మొదటి ప్రయత్నంలోనే పడింది. మా ఆవిడ ముఖం వికసించింది. "ఇదే తీస్కోండి" అంది. నేను జరిగింది చెప్పాను. ఒకటి పెడితే చేయి పోతుంది, మరొకటి పెడితే బండి పడుతుంది.

"మరి నడకనే కదా," అంది ఆమె. మాట మెత్తగానే ఉంది, కాని అది తీర్పే. సుద్దగీతల మధ్య ఆ సాయంత్రం నేను గీయవలసింది ఏమీ కనబడలేదు.

షాకప్ ఫోర్కును విప్పించి తిరిగి ఇవ్వడానికి సైకిలుతో నారాయణగూడ వెళ్ళాము. దుకాణదారు దాన్ని తుడుచుకుంటూ, "ఇంకొకటి ఉన్నది సార్. పాత మాల్. చిన్న షాకప్. ఎవ్వరు అడుగుతలేరు, అందరికి పెద్దదే గావాలె" అంటూ అటక మీద నుండి దుమ్ము పట్టిన పెట్టె దించాడు. లోపల ఉన్న ఫోర్కు షాకప్ రకమే కాని కాళ్ళు పొట్టి. స్ప్రింగు కొంచెమే దిగుతుంది. నా టేపు బయటికి వచ్చింది. నా గీతకు ఇది రెండు వేళ్ళు ఎక్కువ. నాలుగు కాదు, రెండు. అయినా ఎక్కువే. నేను తల అడ్డంగా ఊపాను.

"బిగించి చూడనియ్యి బావా. చూస్తే ఏం పోతది," అన్నాడు బావమరిది. బిగించిన తరువాత, దుకాణదారు పైసలు లెక్కపెట్టుకుంటూ కూర్చోగా, అతడే సైకిలెక్కి స్తంభానికి ఆనుకొని కూర్చున్నాడు. భారీ మనిషి. ముందు భాగం మెత్తగా కిందికి దిగింది.

నా చేతిలో టేపు ఉంది. దాని కొన ఇంకా ఫ్రేము మెడ దగ్గరే ఉంది. అంకె మారడం నా కళ్ళ ఎదుట జరిగింది.

"కదలకు!" అని అరిచాను.

"ఏమైంది? పామా?"

"అట్లే కూర్చో! ఊపిరి పీల్చకు!"

నేను నేల మీద మోకరిల్లాను. మేడ మీద గీసిన బొమ్మలో సైకిలు ఉంది, నేల ఉంది, కోణాలు ఉన్నాయి. సీటు మీద మనిషి లేడు. కదలని ఫోర్కుకు ఆ లోపం వల్ల నష్టం లేదు. స్ప్రింగు ఉన్న ఫోర్కు మాత్రం మనిషి కూర్చోగానే కొంత దిగి, ఆ దిగిన ఎత్తులోనే నడుస్తుంది. పెద్ద షాకప్ దిగినా ఇంకా ఎత్తుగానే మిగిలింది. కాని ఇది?

"దిగు, దిగు! ఇప్పుడు నేను కూర్చుంటాను. నువ్వు కొలువు."

"ఊపిరి పీల్చుకోవచ్చునా?"

అతని బరువు నా బరువు కాదు కనుక నాకు అంత దిగలేదు. దుకాణదారు ఫోర్కు కాలి పైనున్న మీటను తిప్పి స్ప్రింగును మెత్తబరిచాడు. మళ్ళీ కూర్చున్నాను. బావమరిది కళ్ళద్దాలు పైకి తోసుకొని టేపు చదివాడు. నా గీతకు ఇప్పుడు ఒక్క వేలు తేడా. మరోసారి చదవమన్నాను. మరోసారి చదివాడు. ఆ సందులో అంతమంది చూస్తుండగా నేను బెల్లు మోగించాను. ఎందుకు మోగించానో తెలియదు, మోగించకుండా ఉండలేకపోయాను.

మూడో సవారీలో బావమరిదికి దెప్పిపొడవడానికి విషయం దొరకలేదు. కాసేపు ఆలోచించి పొగడడం మొదలుపెట్టాడు. "బావా, నిజంగ చెప్తున్న, నీ అసొంటి తెలివైనోడు మా ఖాందాన్‌ల లేడు" అన్నాడు. ఇంతటి అవమానం నాకు మునుపెన్నడూ జరగలేదు. ఆ కోపంలో పరీక్ష సంగతే మరచి తొక్కాను. అశోక్ నగర్ మలుపులో పిల్లల మధ్య నుండి, చక్రం నా చేతి మాట వింటూ, గ్లాసులకూ పుస్తకాలకూ మధ్య సన్నటి దారిలో సూదిలో దారంలా దూరిపోయింది. "కిరాక్ ఉంది అంకుల్!" అని వెనక నుండి ఎవరో అరిచారు. దిగువకు లోయర్ ట్యాంక్ బండ్ వైపు వాలు వచ్చింది. అక్కడ రోడ్డు పక్కన మట్టి దారి ఉంది, రాళ్ళు తేలి ఉంటాయి. చేయి విరిగిన తరువాత అటు చూడడం కూడా మానేశాను. ఇప్పుడు హ్యాండిలును అటే తిప్పాను. రాళ్ళు టైరు కింద గరగరమంటున్నాయి, ఫోర్కు కాళ్ళు లోపలికీ బయటికీ ఆడుతున్నాయి, నా మణికట్టు దాకా మాత్రం ఆ గొడవ ఏదీ రావడం లేదు. చెరువు గాలి ముఖానికి కొట్టింది. బావమరిది రోడ్డు మీదే ఉండిపోయి, "బావా, ఆగు! గది తొవ్వ గాదు!" అని కేకలు వేస్తున్నాడు. నేను ఆగలేదు. ఒక్కసారి కాదు, ఆ మట్టిదారి కొసదాకా వెళ్ళి, మళ్ళీ తిరిగి వచ్చి, మళ్ళీ వెళ్ళాను.

వాకిట్లో గుండీ పడింది. ఆమె అంతటితో వదలలేదు. చేతి గుండీలు కూడా పెట్టించింది. అవీ పడ్డాయి. రేపు కూడా తొక్కి రమ్మంది, ఎల్లుండి కూడా. ఒక్కరోజు ఫలితం మీద నమ్మకం పెట్టుకోకపోవడం ఆమెకు శాస్త్రం నేర్పిన అలవాటు. మూడు ఉదయాలూ ఆమె నా పక్కన నిలబడి చూసింది. మూడోనాడు, "పోయి కోయించుకోండి" అని మాత్రం అంది.

దుకాణంలో కాడను బల్లకు బిగించారు. ఎక్కడ కోయాలో గీత నేనే పెట్టాను.

"కొయ్యమంటారా సార్? తర్వాత వాపస్ లేదు."

"కొయ్యండి."

రంపం మొదటిసారి ఉక్కును పట్టుకున్నప్పుడు వచ్చిన చప్పుడుకు బావమరిది చెవులు మూసుకున్నాడు. నేను మూసుకోలేదు. తెగిన చిన్న ముక్క నేల మీద పడి దొర్లి, దుకాణం గడప దాటి, సందులోకి పోయింది. దాన్ని ఎవరూ వెతకలేదు.

చదువరులకు ఒక విన్నపం. పై విషయాల్లో నా జ్ఞానం సుద్దముక్కకు, టేపుకు, ఒక మణికట్టుకు పరిమితమైనది. మనిషి కూర్చున్నప్పుడు ఫోర్కు ఎంత దిగాలన్నదానికి సరైన లెక్క వేరే ఉండవచ్చు. నేను వేలితో కొలిచాను. నాకు మిగిలిన ఆ ఒక్క వేలు తేడా మంచిదో, మున్ముందు ఇబ్బంది పెట్టేదో చెప్పగలిగేవారు చెప్పండి. భాగాలకు నేను వాడిన మాటల్లో కొన్ని నేను పెట్టుకున్నవే, వాటికి మెరుగైన తెలుగు మాటలు కార్ఖానాల్లో వాడుకలో ఉంటే తెలియజేయండి. నా మణికట్టు కుదుటపడడానికి ఫోర్కు కాక వేరే కారణం ఉందని వైద్యం తెలిసినవారు భావిస్తే, మొహమాటపడకుండా ఆ మాటే రాయండి. తప్పును తప్పు అనడమే నాకు మీరిచ్చే గౌరవం. సవరించిన కొలత అందితే బండిని విప్పి మళ్ళీ బిగించడానికి నేను సిద్ధం. చేయి బాగుంది.